గోడ దాటని వైఫై

ఒకప్పుడు ఇంట్లో పోట్లాటంటే టీవీ రిమోట్ దగ్గరే. ఇప్పుడు ఎవరి ఫోన్ వాళ్లది, ఎవరి తెర వాళ్లది. కానీ అందరికీ ఆధారం మాత్రం గుమ్మం పక్కన మిణుకుమిణుకుమనే ఓ చిన్న డబ్బా. అది కాస్త మొరాయించిందా... ఇల్లంతా గగ్గోలే!

హైదరాబాద్‌లో ఓ మూడు పడకగదుల ఫ్లాట్. నాన్న ఆఫీసు మీటింగ్ ఓ గదిలో, అబ్బాయి ఆన్‌లైన్ కోచింగ్ మరో గదిలో, అమ్మ సీరియల్ హాల్లో. చివరి గది నానమ్మది. వారానికోసారి రాత్రిపూట అమెరికా నుంచి చిన్నకొడుకు వీడియో కాల్ చేస్తాడు. మాట ముక్కలు ముక్కలుగా వినిపిస్తుంటే ఆవిడ తన చెవులే పాడయ్యాయనుకుంది. పైకి చెప్పలేదు. ‘సరేరా, ఉంటాను’ అంటూ రెండు నిమిషాలకే పెట్టేయడం మొదలుపెట్టింది. అక్కడ కొడుకేమో అమ్మకు తనమీద కోపం వచ్చిందనుకున్నాడు.

ఇంట్లోవాళ్లకు తట్టిన మొదటి మందు- స్పీడు పెంచడం. 100 ఎంబీపీఎస్ ప్లాన్ మానేసి 300కి మారారు. బిల్లు పెరిగింది. నానమ్మ ఫోన్లో బొమ్మ మాత్రం ఎప్పటిలాగే బిగుసుకుపోయింది. పెరగదు మరి! వీడియో కాల్‌కు మూడు, నాలుగు ఎంబీపీఎస్ చాలు. హెచ్‌డీ సినిమాకు ఐదు ఉంటే సరి. ఆ ఇంటికి నెట్ కొరత లేదు. వచ్చిన నెట్ చివరి గది దాకా వెళ్లడం లేదు, అంతే.

ఈ సంగతి తెలుసుకోవడానికి రూపాయి ఖర్చక్కర్లేదు. రౌటర్ పక్కన నిలబడి ఫోన్లో స్పీడ్ టెస్ట్ చేయాలి. తర్వాత చివరి గదిలో చేయాలి. రౌటర్ పక్కనే వేగం తక్కువుంటే కనెక్షన్ ఇచ్చినవాళ్లను అడగాలి, లేదంటే రౌటర్ సంగతి చూడాలి. పక్కన బాగుండి దూరంగా పడిపోతే లోపం దారిలో ఉన్నట్టు. ఆ ఫ్లాట్‌లో జరిగింది ఇదే. డబ్బా చెప్పుల స్టాండ్ లోపల ఉంది. నానమ్మ గదికి మధ్య రెండు గోడలు, ఓ ఇనప బీరువా అడ్డం!

రౌటర్లు సాధారణంగా రెండు రకాల తరంగాలు పంపుతాయి. 2.4 గిగాహెర్ట్జ్ దూరం వెళ్తుంది, గోడల్ని కాస్త దాటుతుంది. కానీ అపార్ట్‌మెంట్‌లో ఇరుగుపొరుగు రౌటర్లన్నీ అక్కడే కిక్కిరిసి ఉంటాయి. మైక్రోవేవ్ ఒవెన్ పనిచేసేదీ ఆ దగ్గర్లోనే. 5 గిగాహెర్ట్జ్ వేగంగా పోతుంది. గోడ అడ్డొస్తే త్వరగా డీలా పడుతుంది. అందుకే కొనేముందు ఉన్న డబ్బానే ఇంటి మధ్యకు, కాస్త ఎత్తులోకి మార్చి చూడాలి. సగం ఇళ్లలో అంతకుమించి అవసరం రాకపోవచ్చు.

అప్పటికీ అందకపోతేనే బజారుకు. అట్టపెట్టె మీద ‘ఏసీ1200’ అని ఉంటే ఫోన్‌కు 1200 వేగం వస్తుందని కాదు. రెండు తరంగాల గరిష్ఠ వేగాలు 300, 867 కలిపి వేసిన లెక్క అది. వెనక పోర్టులు గిగాబిట్‌వో కాదో అడగాలి. కొన్ని చవక రౌటర్ల పోర్టులు 100 ఎంబీపీఎస్‌వే. వాటికి 300 ప్లాన్ తగిలిస్తే 100 లోపే వస్తుంది. ఒకేసారి పది, పదిహేను పరికరాలు వాడే ఇంటికి 2019లో ధ్రువీకరణ మొదలైన వైఫై 6 రకం నప్పుతుంది. చాలామందికి ఒకేసారి పంచడం దాని ప్రత్యేకత. 2024లో వైఫై 7 ధ్రువీకరణ కూడా మొదలైంది. అయితే ఇంట్లో ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు పాతవైతే దానికోసం ఎక్కువ డబ్బు పోయడం దండగ.

చివరి గదికి చవగ్గా రిపీటర్ పెడదామంటారు చాలామంది. ఒకే రేడియోతో అందుకుంటూ, అందిస్తూ ఉండే రిపీటర్ దగ్గర వేగం దాదాపు సగానికి పడిపోతుంది. అంతకంటే తీగను నమ్ముకోవడం మేలు. ఆ ఫ్లాట్‌లో పాత టీవీ కేబుల్ కోసం వేసిన పైపు ఖాళీగా ఉంది. అందులోంచి క్యాట్-6 తీగ లాగి, నానమ్మ గది దగ్గర రెండో వైఫై డబ్బా పెట్టారు. ఆ వారం కాల్ ముప్పావుగంట సాగింది. మనవరాలికి ఊడిన పన్ను ఏ వైపుదో కూడా నానమ్మకు స్పష్టంగా కనిపించింది. చెవుల బెంగ తీరిపోయింది.

కొన్నాక మరో రెండు పనులున్నాయి. డబ్బాతో వచ్చిన అడ్మిన్ పాస్‌వర్డ్ వెంటనే మార్చేయాలి. భద్రతకు డబ్ల్యూపీఏ3, అది పాత పరికరాలకు కుదరకపోతే డబ్ల్యూపీఏ2 పెట్టుకోవాలి. తయారీదారు సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు ఇస్తున్నాడో లేదో కొనేరోజే చూసుకోవాలి. అప్‌డేట్లు ఆగిన రౌటర్ ఎంత చవకైనా వద్దు.

ఇక కరెంటు. ఇన్వర్టర్ లేని ఇంట్లో రౌటర్ల కోసమే దొరికే చిన్న యూపీఎస్ పెట్టుకోవచ్చు. రౌటర్ అడాప్టర్ మీద రాసిన వోల్టులు, ఆంపియర్లు దానికి సరిపోవాలి. ఫైబర్ డబ్బా, రౌటర్ విడివిడిగా ఉంటే రెండింటికీ బ్యాకప్ కావాలి. లేదంటే అబ్బాయి పరీక్ష మధ్యలో కరెంటు పోయినప్పుడు రౌటర్ దీపం వెలుగుతూనే ఉంటుంది, నెట్ మాత్రం ఉండదు!