మన లిపిలో ఫైలు పేరు

లోకములో పేరు లేని వస్తువు ఉండవచ్చును గాని, పేరు లేని వస్తువును వెదకుట కష్టము. మన లింగంపేటలోని పాత మెట్ల బావిని ‘నాగన్న బావి’ అన్నప్పుడే ఎవరైనా దారి చూపగలరు. కంప్యూటరులో దాచిన ఫైలు సంగతియు ఇంతే. లోపల ఎంత మంచి రచన ఉన్నను, పైనున్న పేరు చెడినచో అది ఉండియు లేనట్లే.

మన వార్షిక సంచిక రెండు లిపులలో వెలువడునది. తెలుగు ఎడమనుండి కుడికి, ఉర్దూ కుడినుండి ఎడమకు నడచును. విద్యార్థులు కొందరు ఫోనులో, కొందరు లైనక్సు యంత్రముపై, కొందరు విండోసుపై వ్రాసి యిత్తురు. ముద్రణాలయమువారిది మాకింతోషు. గత సంచికకు ఒక విద్యార్థిని నాగన్న బావిని గూర్చి వ్యాసము వ్రాసి, ఫైలుకు తెలుగులోనే పేరు పెట్టినది. అన్ని రచనలను ఒక జిప్ మూటగా కట్టి పంపగా, అక్కడ ఆ పేరు వరుసగా ప్రశ్నార్థకములై తేలినది. పేరు తెలియని ఫైళ్లను వారు ప్రక్కన పెట్టిరి. వ్యాసము అచ్చు కాలేదు. “సార్, మన భాషలో పేరు పెట్టడమే తప్పా?” అని ఆ అమ్మాయి అడిగినది. ఈ నాలుగు మాటలు ఆ ప్రశ్నకు సమాధానము.

కంప్యూటరుకు అక్షరము తెలియదు, అంకె మాత్రమే తెలియును. 1991లో వెలువడిన యూనికోడ్ ప్రపంచ లిపులకు ఉమ్మడి అంకెలను నిర్ణయించినది. అందులో తెలుగునకు 3072 మొదలు 3199 వరకు 128 స్థానములు కేటాయింపబడినవి. ‘త’ అక్షరము అంకె 3108. అయితే ఆ అంకెను భద్రపరచు పద్ధతి అన్ని యంత్రములలో ఒకటి కాదు. లైనక్సులో సాధారణముగా వాడు యు.టి.ఎఫ్.-8 పద్ధతిలో ఒక్కొక్క తెలుగు సంకేతమునకు 3 బైట్లు, ఉర్దూ అక్షరమునకు 2 బైట్లు పట్టును. విండోసు వేరొక కొలతతో 16 బిట్ల చొప్పున దాచును. ఆ మూడు బైట్లను మూడు లాటిన్ అక్షరములుగా భ్రమించు పాత ప్రోగ్రాము ఎదురైనచో, మన పేరు తలపై గీత గల ‘ఎ’లతో నిండిపోవును. జిప్ మూటలో పేరు యు.టి.ఎఫ్.-8లో ఉన్నదని తెలుపు గుర్తు 2006లో గాని చేరలేదు. ఆ గుర్తు నెరుగని ప్రోగ్రాములు తమకు తెలియని అక్షరముల స్థానమున ప్రశ్నార్థకములు వేయును.

ఇంతకంటె సూక్ష్మమైన చిక్కు మరొకటి కలదు. ‘మైనారిటీ’ అను మాటలోని ఐత్వమును యూనికోడ్ రెండు విధముల అంగీకరించును. ఒకటి, ఏకసంకేతము, రెండు, ఎత్వమునకు క్రింది గుర్తు చేర్చిన జంట. 1998లో వచ్చిన మాకింతోషు ఫైలు వ్యవస్థ పేర్లను జంటగా విడదీసి దాచెడిది. 2017లో వచ్చిన కొత్త వ్యవస్థ ఇచ్చిన రూపమునే నిలుపుచున్నది. లైనక్సు, విండోసులకు ఆ రెండును వేరు పేర్లే. అందుచే కంటికి ఒకటిగా కనబడు రెండు ఫైళ్లు ఒకే చోట ఉండగలవు. ఉర్దూలో ‘ఆఫ్రీన్’ అను పేరు మొదటనున్న మద్ద గల అలిఫ్‌కును ఇదే గతి. పైగా అరబ్బీ కీబోర్డులోని ‘యే’ వేరు, ఉర్దూ ‘యే’ వేరు. పదము నడుమ రెండును ఒకే రూపున నుండును గాని, వెదికినచో దొరకవు.

“ఇంగ్లీషులో పేరు పెట్టిన పోదా?” అని కొందరందురు. ‘రహీం’ను ఇంగ్లీషులో ఎందరు ఎన్ని విధముల వ్రాయుదురో మన హాజరు పట్టీలే సాక్ష్యము. చిక్కు తీరలేదు, చోటు మారినది. పైగా సొంత లిపి లోపలి పుటలకే గాని తలుపు మీదికి పనికిరాదని విద్యార్థి నమ్మినచో, ఆ నష్టము ఒక వ్యాసముతో పోవునది కాదు.

కావున విద్యార్థులకు నా మనవి యిది. పేరు మన లిపిలోనే పెట్టుడు. దానికి ముందు ఒక వరుస సంఖ్య వేయుడు. అంకెలు ఏ యంత్రములోనైనను చెడవు. రచన మొదటి పంక్తిలో శీర్షికను, మీ పేరును మరల వ్రాయుడు. పేరు పొట్టిగా నుంచుడు. లైనక్సులో పరిమితి 255 బైట్లు, అనగా 85 తెలుగు సంకేతములే, ‘క్ష’ ఒక్కటే మూడింటిని మ్రింగును. మూట కట్టి పంపిన పిమ్మట, అవతలి యంత్రములో తెరచి లెక్క సరిచూడుడు.

కళాశాల కమిటీవారికి ఒక విన్నపము: రచనల జాబితాను కాగితముపై రెండు లిపులలో ముద్రించి, ఫైళ్లతోపాటు ముద్రణాలయమునకు పంపు ఏర్పాటు చేయవలెను. ఖర్చు ఒక కాగితము. దానివలన ఏ విద్యార్థి శ్రమయు ప్రశ్నార్థకముల క్రింద పూడిపోదు. ఆ అమ్మాయి ప్రశ్నకు నా జవాబు: తప్పు కాదమ్మా. పేరు నీది, దానిని చెడకుండ చేర్చు బాధ్యత మా అందరిది.