మైకులో మన పేరు

‘హలో... హలో... మైక్ టెస్టింగ్... వన్, టూ, త్రీ...’

ఈ నాలుగు ముక్కలు చెవిన పడితే చాలు, హన్మకొండ గల్లీల్లో పిల్లలు అన్నం పళ్లెం వదిలేసి పరుగెత్తిన రోజులున్నాయి. సుబేదారిలో ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్, వరంగల్‌లో ఇస్లామియా కాలేజీ గ్రౌండ్, జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం, కాజీపేటలో రైల్వే వాళ్ల కోర్టు... ఎక్కడ కర్రకు గొట్టం మైకు కట్టారంటే అక్కడ టోర్నమెంటు ఉన్నట్టే. కబడ్డీయా, వాలీబాలా, బాస్కెట్‌బాలా అన్నది తర్వాతి సంగతి. మైకు ముందు ఎవరున్నారన్నదే అసలు ప్రశ్న. ‘ఆ సారేనా?’ ‘ఆ సారే!’... అంతే, ప్రహరీ గోడ మీద కూడా చోటు దొరికేది కాదు.

ఆటగాళ్ల గురించి రాస్తాం. కోచ్‌ల గురించి రాస్తాం. ఓడిపోయిన కెప్టెన్ కన్నీళ్ల గురించి కూడా రాస్తాం. రోజంతా ఎండలో కూర్చుని గొంతు పోయేదాకా పేర్లు పిలిచిన మనిషి గురించి మాత్రం ఎవరమూ రాయం. మన దగ్గర అంతే!

అమెరికాలో అలా కాదు. ఫిలడెల్ఫియాలో డేవ్ జింకాఫ్ అని ఒకాయన ఉండేవాడు. బాస్కెట్‌బాల్ కోర్టు పక్కన మైకు ముందు కూర్చుని పేర్లు పిలవడమే ఆయన పని. 1962 మార్చి 2న పెన్సిల్వేనియాలోని హెర్షీలో, అదే చాక్లెట్ల ఊళ్లో, విల్ట్ చాంబర్లేన్ ఒక్క మ్యాచ్‌లో 100 పాయింట్లు చేశాడు. చూసింది 4,124 మంది. టీవీ కెమెరా లేదు. మ్యాచ్ సాగుతున్నకొద్దీ చాంబర్లేన్ స్కోరు ఎంతకు చేరిందో మైకులో చెబుతూ జనాన్ని ఉర్రూతలూగించింది జింకాఫే. జనం మ్యాచ్‌ని వదిలేసి ఆ అంకె వెంట పడ్డారు. 1985లో ఆయన పోయాక, గొప్ప ఆటగాళ్ల జెర్సీ నంబర్లను రిటైర్ చేసినట్టే ఫిలడెల్ఫియా జట్టు ఆయన మైకునూ రిటైర్ చేసింది. మైకుకు రిటైర్మెంటు! మొదటిసారి చదివినప్పుడు నవ్వొచ్చింది. తర్వాత అసూయ కలిగింది.

షికాగో బుల్స్ సంగతి మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. లైట్లన్నీ ఆర్పేసి, చీకట్లో ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలవడం... 1990 నుంచి ఆ పిలుపు రే క్లే అనే ఆయనది. జట్టు గెలిచిన ఆరు టైటిళ్లకూ అదే గొంతు. మైఖేల్ జోర్డాన్‌ని చివరగా పిలిచేవాడు. ముందు ‘నార్త్ కరోలినా నుంచి’ అనేవాడు. అక్కడికే జనం లేచి నిలబడేవాళ్లు. పేరు ఇంకా రానే లేదు! తర్వాత ఆడే స్థానం, ఎత్తు, ఆ తర్వాతే పేరు. ఆ పేరు కూడా అరుపుల్లో కొట్టుకుపోయేది.

ఊరు ముందు, పేరు తర్వాత. ఇది షికాగో కనిపెట్టిన విద్య అనుకుంటే పొరపాటు. మా మైకు సారు అంతకుముందు నుంచే ‘నర్సంపేట నుంచి...’ అని ఆగేవాడు.

ఆయన వృత్తికి హిందీ పండిట్. ఒక సర్కారు బడిలో పాఠం చెప్పేవాడు. బక్కపలచని మనిషి, బుగ్గన ఎప్పుడూ ఒక లవంగం. తెలుగులో మొదలుపెట్టి ఉర్దూలో ఊపు తెచ్చి హిందీలో ముగించేవాడు. వరంగల్‌లో ఆ మూడూ వేరే భాషలని ఎవరికీ అనిపించేది కాదు. మ్యాచ్‌కు అరగంట ముందు జేబులోంచి చిన్న నోటుబుక్కు తీసి రెండు జట్ల దగ్గరికీ వెళ్లేవాడు.

‘‘నీ పేరేంది బిడ్డా? ఇంటిపేరుతోటి చెప్పు. ఏ ఊరు మీది? ఇంట్ల ఏమని పిలుస్తరు?’’

ఈ మూడు ప్రశ్నలు ప్రతి పిల్లాడికీ తప్పవు. బెంచీ మీద కూర్చుని ఒక్క నిమిషం కూడా ఆడడని తెలిసిన పన్నెండో వాడికి కూడా!

ఆ రోజుల్లో బాస్కెట్‌బాల్ జెర్సీల మీద 4 నుంచి 15 వరకే నంబర్లు ఉండేవి. అంతర్జాతీయ నిబంధన అది. ఒకటి, రెండు, మూడు వేళ్లు చూపిస్తే పాయింట్లనో మరొకటనో పొరబడతారని రెఫరీల సౌకర్యం కోసం నాలుగు నుంచి మొదలుపెట్టారు. పన్నెండు మందికి పన్నెండు నంబర్లు. ఫౌల్ జరిగితే రెఫరీ వేళ్లతో నంబరు చూపిస్తాడు, స్కోరర్ రాసుకుంటాడు, మైకులో పేరూ ఎన్నో ఫౌలో వినిపిస్తుంది. అయిదో ఫౌల్‌కు ఆటగాడు బయటికి. ఆ అయిదోది చెప్పేటప్పుడు సారు గొంతు తగ్గించేవాడు. ‘బిడ్డ మంచిగ ఆడిండు, చప్పట్లు కొట్టుర్రి’ అని ఒక మాట కలిపేవాడు. రూల్ బుక్కులో లేని మాట అది. తల వంచుకుని పోవాల్సిన పిల్లాడు చప్పట్ల మధ్య పోయేవాడు.

పేర్లను సాగదీయడం వెనక షోకు మాత్రమే లేదు, శాస్త్రం కూడా ఉంది. గొట్టం మైకు గొంతులోని లోతును తినేస్తుంది. కీచుగా, గట్టిగా ఉండే భాగాన్నే దూరం పంపిస్తుంది. పైగా గ్రౌండ్‌కు ఈ చివర ఒకటి, ఆ చివర ఒకటి కడతారు. ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. రెండు గొట్టాల మధ్య నూరు మీటర్లుంటే, ఒకదాని కింద నిలబడ్డ వాడికి రెండోదాంట్లోంచి అదే మాట సెకనులో మూడో వంతు ఆలస్యంగా వచ్చి తగులుతుంది. గబగబా మాట్లాడితే అక్షరం మీద అక్షరం పడి గందరగోళమే. అందుకే ఊరి పేరు చెప్పి ఆగాలి. ఇంటిపేరు చెప్పి ఆగాలి. అసలు పేరులో దీర్ఘం ఎక్కడుందో చూసి దాన్ని పట్టుకుని లాగాలి. దీర్ఘం లేని పేరొస్తే సారుకు పెద్ద చిక్కు. అలాంటి వాళ్లకే ఎక్కువగా బిరుదులు వచ్చేవి.

మా నాన్నకు వచ్చింది కూడా అలాగే.

నాన్న రైల్వేలో పనిచేసేవాడు. 1998లో, తనకు 38 ఏళ్లప్పుడు, డిపార్ట్‌మెంటు టీములో ఆడాడు. జెర్సీ నంబర్ 9. మనిషి పొడుగు, కాళ్లు సన్నం. బాస్కెట్ కింద కదలకుండా నిలబడి, బంతి రింగుకు తగిలి పైకి లేవగానే టక్కున మెడ చాపి అందుకునేవాడు. మూడో రోజు సాయంత్రం మైకులో వచ్చింది: ‘‘నంబర్ తొమ్మిది... మన కాజీపేట... కొంగాాా!’’

జనం విరగబడి నవ్వారు. నాన్న కూడా నవ్వాడు. అమ్మ నవ్వలేదు. ‘‘గింత మందిల మనిషిని పట్టుకొని కొంగ అంటడా?’’ అని రెండు రోజులు గొణిగింది. ఆ సంక్రాంతికి సారు ఇంటికొస్తే సకినాలైతే పెట్టింది గానీ మాట్లాడలేదు. నాకు మాత్రం బడిలో హోదా పెరిగింది. కొంగ కొడుకుని కదా! నాన్న పేరు ఏ పేపర్లోనూ రాలేదు. ఆయన టీము ఆ కప్పూ గెలవలేదు. కానీ రిటైరైన తర్వాత కూడా కాజీపేట చౌరస్తాలో చాయ్ తాగుతుంటే ‘కొంగన్నా, బాగున్నవా?’ అని పలకరించే వాళ్లున్నారు. సర్వీసు రిజిస్టర్లో ఉన్న పేరు వాళ్లలో సగం మందికి తెలియదు.

సారు గొంతుకు ఇంకో డ్యూటీ కూడా పడేది. రెండేళ్లకోసారి మేడారం జాతర. సమ్మక్క సారలమ్మల గద్దెల చుట్టూ, జంపన్న వాగు ఒడ్డునా లక్షల మంది. తప్పిపోయిన వాళ్ల కోసం పెట్టిన మైకులో కూర్చోమని పిలిస్తే కాదనేవాడు కాదు. మేడారం ఇప్పుడు ములుగు జిల్లాలోకి పోయింది గానీ, అప్పట్లో మా జిల్లాదే. అక్కడా ఊరి పేరే ముందు. ‘ఫలానా ఊరి నుంచి వచ్చిన...’ అంటే ఆ ఊరి వాళ్లందరి చెవులూ నిక్కబొడుచుకుంటాయి. ఆ తర్వాతే పేరు, వయసు, లంగా రంగు, చేతిలో ఏముందో. అమ్మమ్మ పేరు చెప్పలేని నాలుగేళ్ల పిల్లలుంటారు. వాళ్లని మైకు దగ్గరికి తెచ్చి ఏడవనిచ్చేవాడట. ఏడుపును గుర్తుపట్టి తల్లి పరుగెత్తుకొస్తుందని! ‘‘గ్రౌండ్ల మైకు అల్కటి పని. పిలిచేటోడు కండ్ల ముంగటనే ఉంటడు’’ అని ఒకసారి నాన్నతో అనగా విన్నాను.

ఇప్పుడూ టోర్నమెంట్లున్నాయి. ఆ మాటకొస్తే సౌకర్యాలు పెరిగాయి. 2014లో ప్రొ కబడ్డీ మొదలయ్యాక పల్లెటూరి కబడ్డీకి కూడా మ్యాట్లు, లైట్లు వచ్చాయి. నెహ్రూ స్టేడియంలో సింథటిక్ ట్రాక్ వేశారు. 2021 సెప్టెంబర్‌లో 60వ జాతీయ ఓపెన్ అథ్లెటిక్స్ అక్కడే జరిగాయి. పంజాబ్ అమ్మాయి హర్మిలన్ బైన్స్ 1500 మీటర్లను 4 నిమిషాల 5.39 సెకన్లలో పరుగెత్తి, 2002లో సునీతా రాణి బూసాన్‌లో నెలకొల్పిన జాతీయ రికార్డును మా హన్మకొండలో బద్దలుకొట్టింది. ఆ హడావుడిలో స్టేడియంలో పనిచేసే ఒక పెద్దాయన నా భుజం తట్టి అడిగింది టైమింగ్ గురించి కాదు. ‘‘ఏ ఊరి పిల్ల సారూ?’’ అని! ఆ ప్రశ్న ఆయనకు ఎవరు అలవాటు చేశారో నాకు తెలుసు.

ఊళ్లల్లో జరిగే పోటీలకు ఇప్పుడు డీజే పెడుతున్నారు. గుండె అదిరేలా పాట. పాయింటు వస్తే పాట, పోతే పాట. పిల్లలకు అదే నచ్చుతోంది, కాదనను. ఫోన్ పెట్టి యూట్యూబ్‌లో లైవ్ ఇస్తున్నారు. దుబాయ్‌లో ఉన్న అన్న తమ్ముడి ఆట చూస్తున్నాడు. గొట్టం మైకు ఎంత అరిచినా అంత దూరం పోయేది కాదు. 2000లో వచ్చిన శబ్ద కాలుష్య నిబంధనలు రాత్రి 10 దాటాక మైకుకు పగ్గం వేశాయి. అది మంచిదే. పరీక్షలప్పుడు గ్రౌండ్ పక్క ఇళ్లల్లో చదువుకున్న వాళ్లని అడగండి, చెబుతారు. కానీ మొన్నీమధ్య ఒక స్కూళ్ల టోర్నీకి వెళితే, ఫైనల్లో గెలుపు బాస్కెట్ వేసిన పిల్ల పేరేమిటో గ్రౌండ్‌లో ఉన్న మాకెవరికీ తెలియలేదు. స్పీకర్లో సినిమా పాట మోగుతోంది. స్కోరర్‌ని అడిగితే ‘సెవెన్ నంబర్ సార్’ అన్నాడు. పేరు కోసం నేను వాళ్ల పీఈటీ మేడమ్‌ని వెతుక్కుంటూ పోవాల్సి వచ్చింది.

మైకు సారు పోయి కొన్నేళ్లయింది. ఆయన గొంతు ఎక్కడైనా రికార్డై ఉందేమోనని చాలా తిరిగాను. చాంబర్లేన్ వంద పాయింట్ల మ్యాచ్‌కు వీడియో లేకపోయినా, ఎవరో శ్రోతలు టేప్ మీద ఎక్కించుకోబట్టి చివరి క్వార్టర్ రేడియో కామెంటరీ మిగిలింది. మాకు ఆ అదృష్టం లేదు. మైకు సెట్టు అద్దెకిచ్చిన షాపతను పాత ఆంప్లిఫయర్ చూపించి ‘గొంతు ఇండ్ల నుంచే పోయింది, ఏం మిగల్లే’ అన్నాడు. పెళ్లి క్యాసెట్లు ఉన్నాయి, బతుకమ్మ క్యాసెట్లు ఉన్నాయి. టోర్నమెంట్ క్యాసెట్ ఎవరు దాచుకుంటారు?

సారు కూతురు మాత్రం ఒక రేకు పెట్టె తీసింది. అందులో నోటుబుక్కులు. లెక్కపెడితే 31. పేజీకి ఒక టీము. ప్రతి పేరూ తెలుగులో రాసి, లాగాల్సిన అక్షరం కింద గీత. పక్కన ఊరు. అక్కడక్కడా చిన్న చిన్న గమనికలు... ‘తండ్రి లేడు, తల్లి పేరు చెప్పాలి.’ ‘నత్తి అంటే బాధపడతడు.’ ‘పెద్ద లవంగం తెచ్చుకోవాలె’ అని ఒకటి! వేలాది పేర్లు. మన జిల్లా నుంచి ఎక్కడికీ పోని, ఎవరూ ఇంటర్వ్యూ చేయని ఆటగాళ్ల పేర్లు.

1998 నోటుబుక్కు ఇంటికి తెచ్చి నాన్నకు చూపించాను. కాజీపేట టీము పేజీలో నంబర్ 9 దగ్గర నాన్న పేరు ఉంది. పక్కన బ్రాకెట్లో ‘కొంగ’. దాని కింద ఎర్ర సిరాతో: ‘అడిగి పిలవాలె.’

‘‘అడిగిండా?’’ అన్నాను.

నాన్న వంటింటి వైపు ఒకసారి చూశాడు. తర్వాత గొంతు తగ్గించాడు.

‘‘అడిగిండు. నేనే పిలువుమన్న. మీ అమ్మకు చెప్పకు.’’