మేము తిరిగి వస్తాము, వారు అక్కడే ఉంటారు
(కరీంనగరు, ఆదిలాబాదు ప్రాంతములలో చిన్నపిల్లల పరిచర్య శిక్షణ యాత్ర)



ఈ యాత్రను గూర్చి వ్రాయకముందు నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. కొన్నేళ్ళ క్రితం వేసవి సెలవులలో కరీంనగరు ప్రాంతములోని ఒక పల్లెకు మా బృందము వెళ్ళి, అయిదు దినములు పిల్లల కూటములు జరిపింది. రంగురంగుల బొమ్మలు, అభినయ గీతములు, బహుమానములు, చివరి దినమున మిఠాయిలు. నూరు మందికి పైగా పిల్లలు వచ్చారు. మేము బస్సు ఎక్కుతుండగా ఒక చిన్నపిల్ల నా చీర కొంగు పట్టుకొని, "మళ్ళ ఎప్పుడస్తవు టీచరమ్మా?" అని అడిగింది. "వచ్చే వేసవికి తప్పక వస్తాను" అన్నాను. నేను వెళ్ళలేదు. ఒక ఏడు ఇంట్లో పెండ్లి, మరొక ఏడు అనారోగ్యము. ఆ తరువాత ఆ ఊరి నుండి వచ్చిన ఒక సహోదరుని "పిల్లల కూటము ఎలా జరుగుతోంది?" అని అడిగితే, "మీరు పోయినంక ఎవరున్నరమ్మా నడిపేటందుకు?" అన్నాడు. ఆ మాట నన్ను చాలా కాలము నిద్రపోనివ్వలేదు.

అందుచేత ఈసారి పద్ధతి మార్చుకున్నాము. మేము పిల్లలకు బోధించుటకు కాదు, పిల్లలకు బోధించగల స్థానిక విశ్వాసులను సిద్ధపరచుటకు వెళ్ళాలి అని ప్రార్థనలో తీర్మానించుకున్నాము.

కరీంనగరుకు ప్రయాణము

మే నెలలో గుంటూరులో గోల్కొండ ఎక్స్‌ప్రెస్ ఎక్కి అయిదుగురము బయలుదేరాము. కాజీపేటలో దిగి, హనుమకొండ నుండి ఆర్.టి.సి. బస్సులో హుజూరాబాదు మీదుగా కరీంనగరు చేరాము. ఆ ఎండను గూర్చి ఏమి చెప్పను! కిటికీలోనుండి వచ్చే గాలి పొయ్యిమీది ఆవిరివలె ముఖానికి తగిలింది. ఊరి దగ్గరకు వచ్చేసరికి మానేరు ఆనకట్ట నీళ్ళు కనబడి ప్రాణము కొంత తేరుకుంది.

మనము చిన్నప్పుడు పటములో చూచిన కరీంనగరు, ఆదిలాబాదు జిల్లాలు ఇప్పుడు ఆ రూపములో లేవు. 2014లో తెలంగాణ రాష్ట్రము ఏర్పడింది. 2016 అక్టోబరులో జిల్లాల విభజన జరిగినప్పుడు కరీంనగరు నుండి జగిత్యాల, పెద్దపల్లి, సిరిసిల్ల జిల్లాలు, ఆదిలాబాదు నుండి మంచిర్యాల, నిర్మల్, ఆసిఫాబాదు జిల్లాలు ఏర్పడ్డాయి. గీతలు మారినా ఆ గ్రామములు అవే, ఆ కష్టములు అవే. ఒకవైపు బొగ్గు గనులు, మరొకవైపు చేనేత మగ్గములు, ఇంటింటా బీడీల చాటలు, గల్ఫు దేశములకు వెళ్ళిన తండ్రులు, మనుమలను పెంచుచున్న అవ్వలు.

ఈ నేలలో సువార్త కొత్తది కాదు. 1880వ దశాబ్దములోనే వెస్లియన్ మెథడిస్టు మిషనరీలు కరీంనగరు ప్రాంతమునకు వచ్చారు. 1947లో దక్షిణ ఇండియా సంఘము ఏర్పడినప్పుడు ఆ పని అందులో కలిసింది. 1978 నుండి కరీంనగరు ఒక ప్రత్యేక అధ్యక్ష మండలము. దానికి దక్షిణమున ఉన్న దోర్నకల్లులో అజరయ్య గారి సేవను ఎరుగని తెలుగు క్రైస్తవుడు ఉండడు. 1912లో అధ్యక్షుడైన ఆయన, పల్లెల పని పల్లె మనుష్యులచేతనే నడవాలని ఎరిగి, గ్రామ ఉపదేశకులను సిద్ధపరచుటకు తన శక్తిని ధారపోశారు. మేము కనిపెట్టామనుకొన్న క్రొత్త పద్ధతి మన తాతల నాటిదే అన్నమాట!

"నాకు సదువు రాదమ్మా"

కరీంనగరుకు కొంత దూరములో ఉన్న ఒక గ్రామ సంఘములో మూడు దినముల శిక్షణ. వచ్చినవారు ఇరువది మందికి పైగా. వారిలో కాలేజీ చదివే యువకులు ముగ్గురు, ఒక అంగన్‌వాడీ ఆయా, ఒక దర్జీ, మిగిలినవారు దాదాపు అందరూ బీడీలు చేసే స్త్రీలు. వెయ్యి బీడీలకు ఇంత అని కూలి. పగలంతా కూర్చుంటే పని పోతుంది. కాబట్టి పాస్టరుగారి సలహా చొప్పున సాయంకాలమే తరగతులు పెట్టాము. కొందరు చాట ఒడిలో పెట్టుకొనే వచ్చారు. చెవులు మా వైపు, వ్రేళ్ళు తునికాకు మీద.

మొదటి సాయంత్రము మాలో ఒక సహోదరి ఫ్లానెల్ బోర్డు నిలబెట్టి, తప్పిపోయిన గొర్రె కథ చెప్పి చూపించింది. మా కోస్తా తెలుగులో, సండే స్కూలు పుస్తకపు భాషలో, చక్కగా చెప్పింది. "కాపరి అరణ్యములలో దానిని అన్వేషించెను" అన్నది. ముందు వరుసలోని పిల్లలు బొమ్మలను చూచి ఆనందించారు కాని కథను పట్టుకోలేదు. ఒక పిల్లవాడు ప్రక్కవానిని గిల్లడము మొదలుపెట్టాడు.

రెండవ సాయంత్రము "ఇప్పుడు మీలో ఒకరు చెప్పండి" అని అడిగాము. ఎవరూ లేవలేదు. వెనుక కూర్చున్న ఒక తల్లిని పాస్టరుగారు పిలిచారు. ఆమె సిగ్గుపడి, "నాకు సదువు రాదమ్మా, నేనేం చెప్త?" అన్నది. "నీ మనుమలకు చెప్పినట్టే చెప్పు అవ్వా" అన్నాము. ఆమె లేచి నిలబడలేదు. బోర్డు వైపు చూడలేదు. చాట ముందర పెట్టుకొని, ఆకు కత్తిరిస్తూనే మొదలుపెట్టింది.

"ఒకాయనకు నూరు గొర్లుండె బిడ్డా. పొద్దుమూకినంక మంద ఇంటికచ్చింది. ఎంచితే ఒకటి తక్కువాయె. మల్లెంచిండు. మల్ల తక్కువే. ఆయన బువ్వ తినలే. కట్టె వట్టుకొని చీకట్లనే దేవులాడవట్టె. వాగు పొంటి దేవులాడె, కంపల్ల దేవులాడె, చెల్కలల్ల దేవులాడె..."

పిల్లలు ఒక్కొక్కరే జరిగి ఆమె చుట్టూ చేరారు. గిల్లినవాడు నోరు తెరిచి వింటున్నాడు. మా సహోదరి కన్నీళ్ళు తుడుచుకొని, "అన్వేషించుటకు, దేవులాడుటకు మధ్య ఇంత దూరమున్నదని నాకు ఇన్నేళ్ళు తెలియలేదు" అన్నది.

కథ అయ్యాక ఒక చిన్నవాడు లేచి, "అవ్వా, మా నాయిన దుబాయిల ఉన్నడు గద. గాయినను గూడ దేవుడు దేవులాడుతడా?" అని అడిగాడు. మాలో ఎవరికీ జవాబు తోచలేదు. వాని పేరు కూడా మాకు తెలియదు. ఆ తల్లికి అన్నీ తెలుసు. వాని తండ్రి ఎంత అప్పు చేసి విమానమెక్కాడో, ఎన్ని నెలలుగా జీతము రాలేదో, వాని తల్లి ఎవరి ఇంట కూలికి పోతున్నదో తెలుసు. ఆమె చాట ప్రక్కకు నెట్టి వానిని దగ్గరకు తీసుకొని, "మీ నాయిన ఏడున్నడో దేవునికి ఎరుకే బిడ్డా. మనం రోజూ ఆయన కోసం ప్రార్థన చేద్దాం. రేపు పొద్దుగాల మా ఇంటికి రా, సద్ది తిందువు గని" అన్నది.

ప్రియ చదువరీ, ఆ రాత్రి నేను దేవుని యెదుట మోకరించి నా పాత తప్పును మరల ఒప్పుకొన్నాను. నేనైతే ఆ పిల్లవానికి ఒక కంఠత వాక్యము, ఒక మిఠాయి ఇచ్చి ఉండేదానను. ఆమె "రేపు పొద్దుగాల రా" అనగలిగింది. ఎందుకనగా రేపు ఉదయము ఆమె అక్కడ ఉంటుంది. నేను ఉండను.

మేము నేర్పినవి కొన్ని

అయితే శిక్షణ అక్కర లేదని నా భావము కాదు. ప్రేమ ఉన్నచోట కూడా క్రమము కావాలి. మేము నేర్పినవి ఇవి. చిన్నవారిని, పెద్దవారిని వేరు వేరుగా కూర్చుండబెట్టుట. కథను పది నిమిషములలో ముగించుట. ఒక దినమునకు ఒకే సంగతి, దానికి తగిన ఒకే పాట. వాక్యమును ఆటవలె కంఠస్థము చేయించుట. బొమ్మలు కొనలేనివారు పాత క్యాలెండరు అట్టలు, జొన్న చొప్ప, మట్టి, విత్తనములతో చేసుకొనుట.

మరికొన్ని గట్టిగా చెప్పాము. తలిదండ్రుల అనుమతి లేకుండ ఏ బిడ్డనూ కూటమునకు తీసుకొనిరాకూడదు. అన్ని ఇండ్లవారిని గౌరవించాలి. ఎవరి ఆచారమునూ పిల్లల యెదుట ఎగతాళి చేయకూడదు. మిఠాయి ఆశ చూపి పిలువకూడదు. ఒక్కరే ఎన్నడూ పిల్లలతో ఒంటరిగా ఉండకూడదు, ఎల్లప్పుడు ఇద్దరు పెద్దవారుండాలి. కొట్టకూడదు. పిల్లల రక్షణకు 2012లో మన దేశములో ప్రత్యేక చట్టము వచ్చింది. బిడ్డకు హాని జరిగిందని తెలిసినప్పుడు సంఘ మర్యాద పేరిట దాచిపెట్టుట నేరము, పాపము కూడ.

1780లో ఇంగ్లాండులోని గ్లోస్టరు పట్టణమున రాబర్ట్ రైక్సు అనే పత్రికాధిపతి ఆదివారపు బడి ప్రారంభించినప్పుడు, ఫ్యాక్టరీలలో పనిచేసే పేద పిల్లలకు చదువు చెప్పుటకు ఆ ఊరి స్త్రీలనే నియమించాడని చెప్పాము. ఆ మాట విని బీడీల తల్లులు ఒకరి ముఖము ఒకరు చూచుకొని నవ్వుకున్నారు.

గోదావరి దాటి

నాలుగవ దినమున కరీంనగరు నుండి ధర్మారము మీదుగా వెళ్ళి రాయపట్నము వంతెనపై గోదావరి దాటాము. ఎండకాలము గనుక నదిలో ఇసుక మేటలే ఎక్కువ. లక్సెట్టిపేట దాటి జన్నారము చేరేసరికి టేకు అడవి మొదలయింది. అదే కవ్వాల అభయారణ్యము. దారి ప్రక్కన గిరిజన స్త్రీలు, పిల్లలు తునికాకు కట్టలు ఆరబెట్టుచున్నారు. కరీంనగరు తల్లి ఒడిలోని ఆకు ఇటువంటి అడవులనుండియే వస్తుంది గదా అనుకున్నాను. ఇక్కడి బిడ్డ కోసిన ఆకు, అక్కడి బిడ్డ తల్లి చేతిలో బీడీ అవుతుంది. ఈ ఇద్దరు బిడ్డలకూ సెలవులు అంటే ఆట కాదు, పని.

ఉట్నూరు సమీపమున ఒక చిన్న గోండు గూడెములో కొద్దిమంది విశ్వాసులు ఉన్నారు. "రామ్ రామ్" అని పలకరించి నీళ్ళు ఇచ్చి చాపలు పరచారు. ఇక్కడ మా తెలుగు ఇంకా ఎక్కువ తడబడింది. మా బృందములోని ఒక తమ్ముడు మోషే కథ చెప్పుచూ, "తల్లి బిడ్డను బుట్టలో పెట్టి ఏటిలో విడిచింది" అన్నాడు. ఒక పాప గబగబ లేచి మూలనున్న నీళ్ళ బిందె చూపించింది. అందరూ నవ్వారు. అక్కడి యువకుడొకడు వివరించాడు: "సార్, మా గోండిలో ఏర్ అంటే నీళ్ళు." మనకు ఏరు పారే వాగు, వారికి ఏర్ త్రాగే నీరు! ఆ యువకుడే తరువాత కథను గోండిలో చెప్పాడు. మాకు ఒక్క ముక్క అర్థము కాలేదు. పిల్లలకు అంతా అర్థమయింది. అదే కదా కావలసింది.

ఈ పాఠము ఈ అడవులలో ముందే ఒకరు నేర్చుకొన్నారు. 1940లో జోడేఘాట్ వద్ద కుమ్రం భీము మరణించిన తరువాత, గోండుల స్థితిగతులు తెలిసికొనుటకు నిజాం ప్రభుత్వము హైమెన్‌డార్ఫ్ అనే పండితుని నియమించింది. ఆయన జైనూరు ప్రాంతములోని మార్లవాయి గ్రామములో నివసించి, 1943లో అక్కడ ఒక శిక్షణ కేంద్రము తెరిపించాడు. బయటి పంతుళ్ళను తెచ్చుటకు బదులు గోండు యువకులనే ఉపాధ్యాయులుగా తయారుచేసి, గోండి భాషలోనే వాచకములు వేయించాడు. ఆయన మిషనరీ కాడు. అయినను బిడ్డకు తన ఇంటి భాషలో, తన వానిచేత చెప్పించాలన్న సత్యమును గ్రహించాడు. సువార్త తెచ్చిన మనము దానిని మరచిపోవచ్చునా?

ఆ గూడెములో రెండు దినములున్నాము. ముగ్గురు యువకులు, ఇద్దరు అక్కలు ప్రతి ఆదివారము పిల్లలను కూర్చుతామని ముందుకు వచ్చారు. గోండి పాటలు వారే కట్టుకుంటామన్నారు. మేము ఇచ్చినది ఒక బొమ్మల పుస్తకము, ఒక హాజరు పుస్తకము మాత్రమే.

సెలవు తీసుకొనునప్పుడు

తిరుగు ప్రయాణములో బీడీల తల్లి ఉన్న గ్రామములో ఒక రాత్రి ఆగాము. ఉదయమే బస్సు దగ్గరకు పిల్లలు వచ్చారు. ఒక పిల్ల, నేను భయపడిన ప్రశ్ననే అడిగింది: "మళ్ళ ఎప్పుడస్తవు అమ్మా?" ఈసారి నేను మాట ఇవ్వలేదు. "దేవుని చిత్తమైతే వస్తాను. వచ్చినా రాకపోయినా ఆదివారము మీ కూటము జరుగుతుంది" అన్నాను. అవ్వ వెనుకనుండి, "ఆమె పోతె పోనియ్యి బిడ్డా, నేనెటు వోత?" అన్నది. దుబాయి తండ్రి గల చిన్నవాడు ఆమె కొంగు పట్టుకొని నిలబడి ఉన్నాడు. ఆ కొంగు నాది కాదు. దానికై దేవునికి స్తోత్రము.

ప్రియ తల్లిదండ్రులారా, సంఘ పెద్దలారా, మీ ఊరిలో పిల్లల పరిచర్యకు ఎవరో పట్టణమునుండి రావాలని కనిపెట్టుకొని ఉన్నారా? మీ సంఘములో చదువు లేదని వెనుక వరుసలో కూర్చున్న తల్లిని ఒకసారి చూడండి. కథలు చెప్పే తాతను, పాడే యువతిని, ఓపిక గల అన్నను చూడండి. శిష్యులు పిల్లలను ఆటంకపరచినప్పుడు ప్రభువు కోపపడి, వారిని దగ్గరకు పిలిచి ఎత్తి కౌగిలించుకొన్నాడు. కౌగిలించుకొనుటకు దగ్గర ఉండాలి. దగ్గర ఉన్నవారు మీరే.

ఆ గ్రామమును, ఆ గూడెమును, అక్కడి బిడ్డలను మీ కుటుంబ ప్రార్థనలలో జ్ఞాపకము చేసికొనవలెనని కోరుచున్నాను. దూర దేశములలో ఉన్న తండ్రులను కూడ మరువకండి. ప్రభువు మనలనందరిని తన పనికి వాడుకొనును గాక. ఆమేన్.