దిగిన నూనె చెప్పే సంగతులు

విజయవాడ పటమటలో ఆ సందు మలుపు తిరుగుతుండగానే కిక్కు కొట్టిన చప్పుడు వినిపించింది. ఆదివారం, ఉదయం ఏడున్నర. వేపచెట్టు నీడలో డబుల్ స్టాండు వేసిన పాత స్ప్లెండర్, దాని కింద అంచులు సొట్టబోయిన బేసిన్, పక్కన గోనెపట్టా మీద నాలుగు స్పానర్లు, చింపిన పాత లుంగీ గుడ్డలు. ఆ ఇంటి పెద్దాయన ముప్పై ఏళ్లకు పైగా ఆటోనగర్‌లో లారీ ఇంజిన్లు విప్పి బిగించిన మేస్త్రీ. షెడ్డు పని మానేశాక, చుట్టుపక్కల పిల్లలకు బండి ఆయిల్ ఎవరికి వాళ్లే మార్చుకోవడం నేర్పుతున్నారని తెలిసి వెళ్లాను. ఆ రోజు పని ఇంటర్ చదువుతున్న మనవరాలిది.

"మూడు నిమిషాలు చాలమ్మా, ఆపెయ్. కాస్త వేడెక్కితే ఆయిల్ పల్చబడి, మురికితో సహా దిగుద్ది. మరీ కాగితే చెయ్యి కాలుద్ది."

ఆ పిల్ల ఇంజిన్ కింద బోల్టుకు 17 నంబరు స్పానర్ తగిలించి వదులు చేసింది. చివరి రెండు మరలు మాత్రం చేత్తో తిప్పి, బోల్టు జారిపోకుండా వేళ్ల మధ్య పట్టుకుంది. నల్లటి ధార లావుగా మొదలై, సన్నబడి, చుక్కలైంది. తొందరేం లేదు, పది నిమిషాలు అలా వదిలేశారు.

షెడ్డుకు ఇస్తే ఈ ధార బండి యజమాని కంట పడదు. టీ తాగి వచ్చేలోపు పాత నూనె డ్రమ్ములో కలిసిపోతుంది. మేస్త్రీ గారి పాఠం మాత్రం ఇక్కడే మొదలవుతుంది. గాజు గ్లాసులో కాస్త నూనె పట్టి ఎండకేసి చూపించారు. నల్లబడటం తప్పు కాదట. మసిని తనలో కలుపుకోవడం కూడా నూనె పనే. పెట్రోలు వాసన గుప్పుమంటేనో, మెరిసే రజను కనిపిస్తేనో అనుమానించాలి. బోల్టు కొసన అంటుకున్న జిగురును గుడ్డతో తుడిచి, ఆ గుడ్డను మనవరాలి అరచేతిలో పెట్టారు. ఆమె రెండు వేళ్లతో నలిపి చూసింది. గరగర లేదు.

మరో రంగు కూడా ఉంది. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ నీట మునిగినప్పుడు ఆయన దాన్ని రోజుల తరబడి చూశారు. వరద తీశాక బండ్లు తోసుకుంటూ వచ్చారు జనం. బోల్టు విప్పితే ముందు నీళ్లు, ఆ వెనక పాలెక్కువైన కాఫీ లాంటి చిక్కటి నూనె. "స్టార్టవుద్దేమోనని కిక్కు కొట్టినోళ్లే ఎక్కువ నష్టపోయారు," అన్నారాయన. సిలిండర్లో నీళ్లుంటే పిస్టన్ వాటిని అదమలేదు, లోపల కడ్డీ వంగుతుంది. అందుకే తాళం కూడా తిప్పకుండా ముందు ప్లగ్గు ఊడదీసి, నూనె దించేయాలి. చవక నూనె పోసి కాసేపు తిప్పి మళ్లీ దించాలి. రంగు తేటపడే దాకా అదే పని. కొన్ని బండ్లకు మూడు సార్లు పట్టిందట. ఇది చెబుతున్నంతసేపూ ఆయన గొంతులో బాధ దాగలేదు. వాటిలో చాలా బండ్లు రోజు కూలికి వెళ్లేవాళ్లవి.

బోల్టు బిగింపు దగ్గర ఆయన మనవరాలి పక్కకు జరిగి కూర్చున్నారు. కొత్త వాషర్ వేసి, మర కుదిరిందని తెలిసేదాకా చేత్తోనే తిప్పించారు. బోల్టు ఇనుముది, అది దిగే ఇంజిన్ అల్యూమినియంది. బలమంతా చూపిస్తే మర పోతుంది. ఆ తర్వాత 10డబ్ల్యూ30 ఆయిల్, 900 మిల్లీలీటర్ల డబ్బా. డబ్బాలో ఉందని మొత్తం గుమ్మరించలేదు. గేజీని మర తిప్పకుండా ఊరికే ఆనించి చూస్తూ, రెండు గీతల మధ్యకు వచ్చేదాకా కొద్దికొద్దిగా పోశారు.

డబ్బా మీద అంకెలతో పాటు చదవాల్సిన మాట ఇంకోటుంది: జాసో ఎంఏ, లేదా ఎంఏ2. నా బండికి ఓసారి ఓ షెడ్డులో కారు ఆయిల్ పోశారు. వారం తిరక్కుండానే యాక్సిలరేటర్ తిప్పితే ఇంజిన్ అరుపే తప్ప బండికి వేగం రాలేదు. గేర్ల బండిలో ఇంజిన్‌కూ గేర్లకూ క్లచ్ ప్లేట్లకూ చాలావరకు ఒకే నూనె. కొన్ని కారు ఆయిళ్లలో ఒరిపిడి బాగా తగ్గించే మందులుంటాయి, వాటితో ప్లేట్లు జారతాయి. అందుకే జపాన్ వాళ్లు 1998లో బైకులకు విడిగా ఈ ప్రమాణం తెచ్చారు. ఎంబీ అని ఉంటే అది స్కూటర్లకు.

స్ప్లెండర్‌కు గాలే చల్లదనం కాబట్టి కూలెంట్ గొడవ లేదు. బ్రేక్ ఆయిల్ కోసం అల్లుడి బండి తెచ్చి పెట్టారు, ముందు చక్రానికి డిస్కున్నది. మూత మీద డాట్ 4 అని ఉంది. ఈ నూనె గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కొత్తది కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు, తేమ చేరాక ఆ హద్దు 155కి పడిపోతుంది. ఘాట్ దిగుతుంటే కాగిన బ్రేకులో ఆవిరి పుట్టి లివరు మెత్తగా లోపలికి పోయేది అందుకే. రెండేళ్లకోసారి మార్చాలంటారు మేస్త్రీ గారు. బ్రేకు నిపుల్‌కు సన్నటి గొట్టం తగిలించి సీసాలోకి వదిలారు. మనవరాలు లివరు నొక్కి పట్టుకుంటే ఆయన నిపుల్ వదులు చేసి, మళ్లీ బిగించి, "వదులు" అంటున్నారు. పైన గిన్నె ఖాళీ కానివ్వకుండా నింపుతూనే ఉన్నారు, లేకపోతే గాలి చొరబడుతుంది. ట్యాంకు మీద పడిన ఒక్క చుక్కను ఆ పిల్ల వెంటనే నీళ్లతో కడిగింది, రంగు లేచిపోకుండా. స్పానర్ మాత్రం ఆయన ఇంకా ఆమె చేతికివ్వలేదు. బ్రేకు విషయంలో ఆ పట్టుదల నాకు సబబుగానే అనిపించింది.

దిగిన పాత నూనెను ఒకప్పుడు చెదలకని కంచె పొడవునా పోసేవారాయన. ఇప్పుడు పోయరు. పెరట్లో బోరుంది. 2016 నాటి నియమాలు వాడేసిన నూనెను ప్రమాదకర వ్యర్థాల్లో చేర్చాయి. డబ్బాలో పట్టి, పాత నూనెను శుద్ధికి పంపే షెడ్డులో ఇచ్చి వస్తారు.

డబ్బాలో పోసేముందు మనవరాలు దాన్ని గీతల సీసాతో కొలిచి నోటుబుక్కులో రాసింది. కిందటిసారి కంటే 50 మిల్లీలీటర్లు తక్కువ దిగింది.

"తాతయ్యా, తాగుతోందంటావా?"

"కిక్కు కొట్టు, పొగ చూద్దాం."

ఇద్దరూ సైలెన్సర్ వెనక గొంతుక్కూర్చున్నారు, పొగలో నీలం ఉందేమోనని.