దీవుల నడుమ మా అమ్మాయితో

యాత్ర అనగానే మనకు పుణ్యస్థలాలో, బంధువుల ఊళ్ళో స్ఫురించడం సహజం. 2025 సంక్రాంతి సెలవులలో మేము మాత్రం మా అమ్మాయితో కలిసి అండమాను దీవులలో ఆరు రోజులు గడిపి వచ్చాము. అప్పటికి ఆమెకు పదకొండేళ్ళు. ఆ జూన్‌లో ఇల్లు విడిచి, ఒక రాత్రి రైలు ప్రయాణమంత దూరాన ఉన్న వసతి పాఠశాలలో ఆరవ తరగతి చేరవలసి ఉండినది. అంతకుముందు తండ్రీకూతుళ్ళు కొన్నాళ్ళయినా ఒక్కచోట తీరికగా ఉండాలన్నదే మా సంకల్పం. చంటి తమ్ముడితో వాళ్ళ అమ్మ ఇంటివద్దనే ఉండిపోయింది. "హాస్టలు చాలా దూరమా, నాన్నా?" అని అమ్మాయి నెలల తరబడి అడుగుతున్న ప్రశ్నకు మేము కిలోమీటర్లు చెప్పేవారము, ఆమెకు తృప్తి కలిగేది కాదు.

బంగాళాఖాతంలో ఉత్తర దక్షిణాలుగా పరచుకొన్న అండమాన్ నికోబార్ దీవులు, చిన్న చిన్న శిలలతో సహా లెక్కిస్తే 836. జనావాసమున్నవి నలభైకి లోపే. విశాఖపట్నం నుండి సుమారు 1,200 కిలోమీటర్లు. ఓడలో రెండు మూడు రోజులు పడుతుంది. మేము హైదరాబాదు నుండి విమానంలో పోయాము గనుక మూడు గంటల లోపే పోర్ట్ బ్లెయర్ చేరాము. ఆ నగరానికి 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురమని పేరు మార్చారు.

మొదటినాడే ఒక వింత ఎదురైనది. సాయంత్రం ఐదుంబావు దాటేసరికే సూర్యుడు అస్తమించాడు. దేశమంతటికీ గడియారం ఒక్కటే గాని, సూర్యుడు అందరికీ ఒకేసారి ఉదయించడు గదా! ఆ నగరం హైదరాబాదుకు 14 డిగ్రీల తూర్పున ఉన్నది. భూమి ఒక డిగ్రీ తిరగడానికి 4 నిమిషాలు పడుతుంది. అమ్మాయి తడి ఇసుక మీద వేలితో గుణించి, "దాదాపు గంట తేడా! అయితే అమ్మకు ఇంకా ఎండ కనిపిస్తూ ఉంటుంది" అన్నది.

మరునాడు ఓడలో రెండు గంటలు ప్రయాణించి హేవ్‌లాక్ దీవికి వెళ్ళాము. 2018 డిసెంబరు నుండి దాని పేరు స్వరాజ్ ద్వీపం. అక్కడి రాధానగర్ తీరంలో పగడాలు, గవ్వలు పొడియై ఏర్పడిన తెల్లని ఇసుక వెన్నెల పరచినట్లుండును. ఇక నీల్ దీవి, అనగా నేటి షహీద్ ద్వీపం, మరింత చిన్నది. ఆటుసమయంలో సముద్రం వెనుకకు పోగా బయటపడిన రాళ్ళ మీదుగా నడిచి, అలలు తొలిచిన సహజ శిలాతోరణాన్ని చూశాము. పోటు వచ్చునంతలో వెనుదిరగవలెను. అక్కడ అమ్మాయి ఒక అందమైన శంఖం ఏరుకొన్నది. అరచేతిలో పెట్టుకొని చూస్తుండగానే దానికి కాళ్ళు మొలిచాయి! ఖాళీ శంఖాలలో తలదాచుకొనే సన్యాసి పీత అది. శరీరం పెరిగినప్పుడల్లా పాత ఇల్లు వదిలి పెద్ద ఇల్లు వెదుక్కొంటుందని చెప్పాము. ఆమె దానిని నెమ్మదిగా నీటి అంచున విడిచింది.

మమ్మల్ని పగడాలు చూపడానికి తీసుకువెళ్ళిన పడవవాడు మా మాట విని తెలుగులోనే పలకరించాడు. ఆ దీవులలో తెలుగువారు చాలామంది ఉన్నారు. "మా అయ్యది సోంపేట కాడ ఊరు బాబూ. నానిక్కడే పుట్టినాను. ఏడాదికోపాలి ఇశాపట్నం ఓడెక్కి పోతాం. ఆడ మా ముసల్ది దినాలు లెక్కెట్టుకుంటా ఉంటాది" అన్నాడు. అంత సముద్రాన్ని అతడు మన ఊరి చెరువుగట్టు దాటినంత తేలికగా చెప్పాడు.

తిరుగు ప్రయాణానికి ముందు సెల్యులార్ జైలు దర్శించాము. 1896లో ఆరంభించి 1906లో ముగించిన కట్టడమది. నడిమి గోపురం చుట్టూ ఏడు భవనాలుండగా నేడు మిగిలినవి మూడు. ఒక ఖైదీ ముఖం మరొక ఖైదీకి కనబడకుండునట్లు, ఒకదాని ముంగిలికి వేరొకదాని వెనుక గోడ వచ్చేలా నిర్మించారు. మన్యం వీరుడు అల్లూరి సీతారామరాజు అనుచరుడైన గాం మల్లుదొర ఇక్కడ శిక్ష అనుభవించి, స్వతంత్ర భారతంలో 1952 నాటి తొలి లోక్‌సభకు సభ్యుడైనాడు. అందరికీ ఆ భాగ్యం దక్కలేదు. ఈ జైలు వెలియక పూర్వమే, 1858 నుండి, ఖైదీలకు ఈ సముద్రమే ప్రహరీగోడ. 1857 జూలై 17న హైదరాబాదు కోఠీలోని బ్రిటిషు రెసిడెన్సీపై తుర్రేబాజ్ ఖాన్‌తో కలిసి దాడి నడిపిన మౌల్వీ అల్లావుద్దీన్‌ను 1859లో ఈ దీవులకే ద్వీపాంతరవాసం పంపారు. మనము నిత్యం బస్సులో దాటిపోయే ఆ కోఠీయే అది.

"ఆయన మళ్ళీ ఇంటికి వచ్చారా, నాన్నా?" అని అమ్మాయి అడిగింది.

"రాలేదమ్మా. ఇక్కడనే కన్నుమూశారు" అన్నాము.

ఆమె ఇనుప ఊచలు పట్టుకొని చాలాసేపు మౌనంగా నిలబడినది. పిమ్మట మెల్లగా, "హాస్టలు నుంచి దసరాకు పంపిస్తారు కదా?" అన్నది.

కిలోమీటర్ల లెక్కతో మేము తీర్చలేని సందేహం అక్కడ తీరినది. తిరిగి రానిచ్చే దారి ఎంత పొడవైనా దారియే. రానివ్వనిది నాలుగడుగులైనా కాలాపానీయే. సోంపేట ముసలమ్మకు దినాలు లెక్కించే వీలున్నది. మౌల్వీగారి ఇంటివారికి అది లేకపోయినది.

ఈ కళాశాలలో దూరపు గ్రామాల నుండి వచ్చి వసతి గృహాలలో ఉంటున్న విద్యార్థినీ విద్యార్థులు అనేకులు. మీ ఇళ్ళలోనూ ఎవరో పంచాంగం ముందు నిలబడి దినాలు లెక్కిస్తూ ఉంటారు. అందరూ స్వేచ్ఛగా ఇల్లు చేరగల కాలంలో పుట్టాము. ఆ స్వేచ్ఛ కొందరు ఇల్లు చేరలేకపోవుటవలన లభించినది. సెలవులు ఇచ్చిన నాడే బయలుదేరండి. మా అమ్మాయి ఆ దసరాకు వచ్చింది. రైలు దిగుతూనే తమ్ముడి ఎత్తు కొలిచింది.