ఓడ కొలువు – ఇంటివారి జాగ్రత్త

చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగరములలో కాపురముండు మనకు హుస్సేను సాగరమే సముద్రము. ఓడపనివారి చట్టముతో మనకేమి పని యని తోచవచ్చును. కాని యీ పేటలు కొలువులకై చదువుకొను యువకులతో నిండియున్నవి. వారిలో కొందరి మనసు ఓడ యుద్యోగముపైకి బోవుచున్నది. విశాఖ తీరమున నీ కొలువు సంగతులు చెప్పువారుందురు; ఇచ్చట లేరు. కావుననే మోసము సులభము.

మా వీధిలోని యొక తల్లి, కుమారుని ఓడలో జేర్పించుటకై గాజులు కుదువపెట్ట నెంచి నన్ను సలహా యడిగెను. ఏజెంటు పెద్ద మొత్తమే కోరెనట. రశీదు మాత్ర మీయడట. "అందరూ ఇస్తూనే ఉన్నారుట అక్కయ్యా! మనం బేరమాడితే పిల్లవాడి రాత చెడుతుందేమో" యని యామె భయము.

చట్టము సంగతి విచారించితిని. 2006లో జెనీవాలో నేర్పడిన నావికశ్రామికుల యొడంబడికను మన దేశము 2015లో నంగీకరించినది. 1958 నాటి వర్తక నౌకాచట్టమునకు బదులుగా 2025లో పార్లమెంటు క్రొత్త చట్టము నామోదించినది. ఉద్యోగ మిప్పించినందుకు నావికునినుండి రుసుము గైకొనుట నిషిద్ధము. పాస్‌పోర్టు, వైద్యపరీక్ష పత్రము వంటివాని ఖర్చు మాత్రమే యతనిది. ఏజెంటునకు నౌకాయాన డైరెక్టరు జనరలు కార్యాలయపు లైసెన్సు తప్పనిసరి.

ఒడంబడిక ప్రకారము జీతము నెలనెలా ముట్టవలెను. దినమునకు కనీసము 10 గంటల విశ్రాంతి యుండవలెను. గడువు తీరినపిమ్మట ఇల్లుచేర్చు ఖర్చు యజమానిదే. రెండు నెలలు జీతమీయకున్న నావికుని విడిచిపెట్టినట్లే లెక్క. అప్పుడు నాలుగు నెలలవరకు బకాయి జీతము చెల్లించుటకు బీమా వంటి పూచీ ముందుగనే యుండవలెను. జీతములో కొంత నేరుగ ఇంటికి పంపించుకొను హక్కును గలదు. ఈ సంగతి తల్లులును, భార్యలును ముఖ్యముగా నెఱుగవలెను.

ఆ తల్లి లైసెన్సు సంఖ్య యడిగినంతనే, ఆ కొలువు మఱియొకరికి బోయినదని ఏజెంటు కబురంపెను. కుమారుడు కోపించి రెండు దినములు తల్లితో మాటాడలేదు. ఆమె యేడ్చినది గాని గాజులు తీయలేదు.

పిల్లవాని యుత్సాహమును మన మడ్డగింప నక్కఱలేదు. లైసెన్సు సరిచూచి, ఒప్పందపత్రము చదివి, సంతకములైన ప్రతి నొకటి యింట దాచుకొని పంపుదము. నడిసముద్రమున జీతము నిలిచినప్పుడు అతని పక్షమున సాక్ష్యము పలుకునది ఆ కాగితమే.