జూమ్ చేస్తే గానీ తెలీలేదు
గుడివాడ నుంచి తెల్లారకముందే బండి మీద బందరు వెళ్లి, మంగినపూడి బీచ్‌లో సూర్యోదయం తీశా. ఇన్‌స్టాలో లైకులే లైకులు! అదే ఫొటో ఓ స్టాక్ సైట్‌కి పంపితే రిజెక్ట్. పూర్తిగా జూమ్ చేసి చూస్తే అర్థమైంది: సముద్రపు గీత వంకర, నీడల్లో ఇసుక చల్లినట్టు నాయిస్, లెన్స్ మీద వేలిముద్ర వల్ల అంతా మసక.

తర్వాతి ఆదివారం దివిసీమ వెళ్లా. కృష్ణమ్మ సముద్రంలో కలిసే హంసలదీవి దగ్గర ఈసారి తొందరపడలేదు. లెన్స్ మెత్తటి గుడ్డతో తుడిచా. గ్రిడ్ ఆన్ చేశా. ఆకాశం తెల్లగా పాలిపోకుండా స్క్రీన్ నొక్కి పట్టి వెలుతురు తగ్గించా. ఫిల్టర్లు వద్దనుకున్నా. పెద్ద సైట్లు కనీసం 4 మెగాపిక్సెళ్లు అడుగుతాయి. డిజిటల్ జూమ్ చేస్తే ఫొటోలో పస పోతుంది. అందుకే నాలుగడుగులు దగ్గరికి నడిచా.

అక్కడో పెద్దాయన వల బాగుచేసుకుంటున్నారు. "మొహం కనబడితే మీరు సంతకం పెట్టాలి తాతా. ఇది అమ్మే ఫొటో" అన్నా.

"నా మొహం ఎవరు కొంటారు బాబూ?"

"ఎవరైనా కొనొచ్చు. అప్పులిచ్చే యాప్ ప్రకటనలోనూ వాడొచ్చు."

ఆయన కాసేపు ఆలోచించి, "అయితే చేతులు తీసుకో" అన్నారు.

నాకు మొదట ఓకే అయిన ఫొటో ఆ చేతులదే.